బంగ్లా గదిలో తరవాణి కుండ

బహ్రెయిన్‌లో మా సిత్రా క్యాంపు వంటశాలలోకి కళ్ళు మూసుకుని నడిచినా ఎవరి పొయ్యి ముందు నిలబడ్డానో చెప్పగలను. కొబ్బరినూనె కాగుతుంటే మలయాళీలు. మెంతులు నల్లగా మాడిన వాసన వస్తే నేపాలీలు. ఆవనూనె ఘాటు ముక్కులో దూరితే బంగ్లావాళ్ళు. గోధుమ రొట్టె పొంగే వాసనా, ఏలకులు వేసిన పాలటీ వాసనా కలిసి వస్తే పఠాన్లు. ఎండుమిరపకాయ గొంతుకు తగిలి దగ్గు తన్నుకొచ్చిందా, ఇక చూడక్కర్లేదు, అది మనదే. ఏ దేశం నుంచి ఎంతమంది వచ్చారో కంపెనీ ఆఫీసులో కంప్యూటరుకు తెలుసు. ఎవరు ఎవరో మాత్రం పొయ్యికే తెలుసునని నేను అనేవాణ్ణి. ఆ మాట ఒక్క మనిషి విషయంలో తప్పింది. అతని సంగతే ఇక్కడ రాస్తున్నాను.

నా పేరు పేరయ్య. మాది తుని దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే పల్లె. మా ఊరి బడిలో ఏడో తరగతితో చదువు ఆగిపోయేది, నాదీ అక్కడే ఆగింది. ఆ చదువుతోనే ఈ దేశం వచ్చి, హెల్పరుగా ఇసుక మోసి, పైపు ఫిట్టరునై, ఫోర్‌మన్ కుర్చీ ఎక్కాను. ఇంజనీర్లు కాగితం మీద గీసిన గొట్టం నేల మీద ఎక్కడ వంగుతుందో నన్ను అడిగి గీసుకున్న రోజులున్నాయి. సేఫ్టీ బహుమతి మా బృందానికి వచ్చినప్పుడు వేదిక మీదికి పిలిచింది నన్నే. అన్నిటికన్నా నేను గొప్పగా చెప్పుకునేది తెలుగు మెస్. అది లేనప్పుడు మనవాళ్ళు ఒక్కొక్కరు ఒక్కో మూల ఉప్మా ఉడకేసుకుని తినేవారు. కోస్తావాళ్ళనీ తెలంగాణవాళ్ళనీ, గుడికి వెళ్ళేవాళ్ళనీ చర్చికి వెళ్ళేవాళ్ళనీ ఒకే పొయ్యి దగ్గర కూర్చోబెట్టాను. ఇప్పటికీ ఒక్క పూట పొయ్యి విడిపోలేదు.

ఆ మెస్‌కు ఒకటే నియమం. కొత్తగా చేరేవాడి ఊరు పాతవాళ్ళలో ఒక్కరికైనా తెలిసుండాలి, ఆ ఒక్కరు పూచీగా మాట చెప్పాలి. ఇది గొప్పకు పెట్టుకున్నది కాదు. ఒకప్పుడు మన మనిషి ఒకడు ఎండదెబ్బకు పోతే, అతని ఊరేదో ఎవరికీ తెలియక, కబురు ఎటు పంపాలో తోచక శవం చాలాకాలం ఆస్పత్రిలోనే ఉండిపోయింది. అది చూశాక పెట్టిన నియమం.

కిషన్ మా క్యాంపుకు వచ్చింది పోయిన చలికాలంలో. పాత కంపెనీ మూతపడితే మా కఫీల్, అంటే మాకు వీసా ఇచ్చిన యజమాని, తీసుకున్నాడు. బంగ్లాదేశ్ పాస్‌పోర్టు, బంగ్లావాళ్ళ గదిలో మంచం. సన్నగా, పొడుగ్గా ఉంటాడు, మాట తక్కువ. వాళ్ళ గదివాళ్ళు అతన్ని బాగానే చూసుకునేవారు. కానీ వాళ్ళు వండే పెద్దకూర అతను ముట్టడు. అందుకని వేరే వండుకునేవాడు, అదీ మా పొయ్యికి ఆనుకుని ఉన్న చివరి పొయ్యి మీద. ఆ పొయ్యి మంట సరిగా రాదు. మంచి పొయ్యి ఖాళీగా ఉన్నా దానికే వచ్చేవాడు. ఇదేం పట్టుదలరా అనుకునేవాణ్ణి. గిన్నెలు కడిగే తొట్టి కింద అతనిదో మట్టికుండ ఉండేది, ఇక్కడే ఆలీ అనే ఊళ్ళో కుమ్మరుల దగ్గర కొన్నది. దాని మీద మూత, మూత మీద తడిగుడ్డ.

ఒక శుక్రవారం పొద్దున వంటశాల కడిగే వంతు మా మెస్‌ది. మా పక్క ఊరి లోవరాజు గొట్టం పట్టుకుని నీళ్ళు కొడుతున్నాడు. నిజామాబాద్ నుంచి వచ్చిన మార్కు అనేవాడు చీపురు పట్టాడు. మార్కు ప్రార్థన కూటానికి వెళ్ళే తొందరలో ఉన్నాడు, తెల్లచొక్కా తడవకుండా మోకాళ్ళ దాకా ప్యాంటు మడిచాడు. తొట్టి కింద కుండ లోవరాజు కంట పడింది. మూత తీసి ముక్కు మూసుకున్నాడు.

"బాబాయ్, ఈ బంగ్లావోడు పాసన్నం నీళ్ళు కుళ్ళబెట్టేసేడు. దోమలొచ్చేత్తాయి" అంటూ నేను తలెత్తేలోపు మోరీలో పోసేశాడు. కుండ కూడా కడిగి బోర్లించాడు.

అప్పుడే కిషన్ బియ్యం కడిగే గిన్నెతో గుమ్మంలోకి వచ్చాడు. బోర్లించిన కుండను చూశాడు. గిన్నె కింద పెట్టాడు.

"ఎవుడు పారబోసినాడు? నా తరవాణి ఎవుడు పారబోసినాడు?"

గొట్టం లోవరాజు చేతిలో అలాగే ఉండిపోయి, నీళ్ళు మార్కు తెల్లచొక్కా మీద పడ్డాయి. మార్కు కదల్లేదు.

"బాబాయ్, బంగ్లావోడు తెలుగులో తిడతన్నాడు!" అన్నాడు లోవరాజు.

"తిట్టలేదురా, అడుగుతున్నాడు. ముందు ఆ గొట్టం కట్టు."

మార్కుకు వేరే భయం పట్టుకుంది. "కాకా, ఇన్నొద్దులు మనం మాట్లాడిందంత వీడు ఇన్నడా ఏంది?"

"ఇన్నాను" అన్నాడు కిషన్. "గడ్డపారకి లుంగీ సుట్టినట్టుంటాడని నువ్వు అన్నావు. అది ఇన్నాను. నా సేపలకూర వాసనకి పిల్లి కూడా రాదని ఈ బాబు అన్నాడు. ఆ పిల్లి రోజూ నా కాడే తింటాది."

నవ్వు ఆపుకోవడం నా వల్ల కాలేదు. నవ్వుతూ అతని మొహం చూస్తే కళ్ళలో నీళ్ళున్నాయి. నవ్వు ఆగిపోయింది. కూర్చోమని స్టూలు జరిపాను.

"ఏ ఊరు నాయనా నీది?"

"సిల్హెట్ కాడ తేయాకు తోట."

"అది కాదు, అసలు ఊరు?"

"అసలు ఊరు నాకు తెలీదు పెద్దయ్యా. తెల్లదొరల కాలంలో మా ముత్తవ్వని రైలెక్కించి, స్టీమరెక్కించి తోటకి తీసుకుపోనారంట. సముద్రపు ఒడ్డు ఊరని సెప్పేదంట. పేరు మాయమ్మకే తెలీదు. మా కూలీల లైను ఇళ్ళల్లో అందరం ఇదే బాస. తోటలో మిగతావోళ్ళు మమ్మల్ని తెలంగా అంటారు, పాస్‌పోర్టులో కూడా కిషన్ తెలంగా అనే రాసేరు."

మార్కు చొక్కా పిండుకోవడం ఆపాడు. "తెలంగా! ఇగ చెప్పేదేమున్నది? మావోడే. మా నిజామాబాద్ దిక్కే గావచ్చు."

"నిజామాబాద్‌లో సముద్రం ఎక్కడుంది? నిజామాబాదోళ్ళు తరవాణి పెడతారేటి?" అని లోవరాజు లేచాడు. "తరవాణి మాది. మా అమ్మమ్మ ఇంట్లో ఉండేది."

"మీదైతే గుర్తు వట్టకుంట మోరీల ఎట్ల వోస్తివిరా?"

లోవరాజు వంగి గొట్టం చుట్టడం మొదలుపెట్టాడు. నాకూ తగిలింది ఆ మాట. తరవాణి అంటే తెలియనివాళ్ళ కోసం చెబుతాను. అన్నం వార్చిన గంజిని కుండలో పోసి పులవబెడతారు. రోజూ కొంత తీసి అందులో అన్నం నానేసి పొద్దున తింటారు, తీసినంత మేరా కొత్త గంజి పోస్తారు. పెరుగుకు తోడు ఎలాగో, పాత పులుపు దీనికి అలాగ. కుండ ఎప్పుడూ వట్టిపోకూడదు. ఎండల్లో కడుపును అంత చల్లగా ఉంచేది మరొకటి లేదు. మా నాయనమ్మ చేతి తరవాణి తాగి పెరిగిన నేను, అదే కుండ నా కాలి పక్కన ఇన్నాళ్ళుంటే బంగ్లావాళ్ళ పాసన్నం అనుకున్నాను. పొయ్యిని చూసి మనుషుల్ని చెప్పగలనన్నవాణ్ణి.

"ఇన్నాళ్ళూ తెలుగువాణ్ణని ఎందుకు చెప్పలేదు?" అని అడిగాను.

"పాత క్యాంపులో సెప్పాను. పాస్‌పోర్టు సూసి నవ్వేరు. మెస్‌లో దూరడానికి కతలు సెప్తన్నాడన్నారు. అందుకే ఇక్కడ నోరెత్తనేదు. మీ పక్క పొయ్యి కాడ వండుకుంటే మీ మాటలు ఇనపడతాయి. అది సాలనుకున్నాను." అని నా వైపు తిరిగాడు. "ఇప్పుడు సాల్దు పెద్దయ్యా. నన్ను మీ మెస్‌లో కలుపుకోండి."

ఎందుకు చాలదో అందరికీ తెలుసు. కంపెనీకి జల్లాఖ్ వైపు కొత్త పని వచ్చింది. సముద్రం ఒడ్డున హోటలు కడుతున్నారు. బంగ్లా గదులవాళ్ళంతా అక్కడి క్యాంపుకు మారిపోవాలి, తెలుగువాళ్ళం సిత్రాలోనే ఉంటాం. మనుషుల్ని మెస్‌ల ప్రకారమే విడదీస్తారు, ఎవరి తిండి గొడవ వాళ్ళు చూసుకుంటారని. ఏ మెస్‌లో ఎవరున్నారో ఆదివారం పొద్దునకల్లా క్యాంపు బాస్ హాజీ అబ్బాస్‌కు చెప్పాలి. మా మెస్‌లో లేకపోతే కిషన్ జల్లాఖ్ వెళ్ళిపోతాడు. అక్కడ తెలుగు మాట వినపడదు.

"ఊరు తెలీకుండా ఎలా బాబాయ్?" లోవరాజు నెమ్మదిగా అన్నాడు. "మనోడే కావొచ్చు. కానీ పూచీ ఎవరు? రేపు ఇంకొకడొచ్చి మా ముత్తాతా తెలుగే అంటే?"

లోవరాజును తప్పు పట్టలేను. నియమం నాదే. మిగతావాళ్ళు కూడా నా వైపే చూశారు.

"నాకేదైనా అయితే సిల్హెట్‌లో మా అప్పకి కబురు సెయ్యండి" అన్నాడు కిషన్, అక్కను మావైపులాగే అప్ప అంటూ. "ఊరంటే నాకు అదే."

ఆదివారం లోపు చెబుతానన్నాను. అందరూ వెళ్ళాక అతన్ని అక్కడే కూర్చోబెట్టి అడగడం మొదలుపెట్టాను. ఎలాగైనా ఊరు పట్టుకోవాలన్న పంతం వచ్చింది నాకు. మీ ముత్తవ్వ ఏ దేవుడికి మొక్కేది? కొండ మీద దేవుడికట. మా తీరమంతా కొండలే, కొండకో దేవుడు. మీ ఇళ్ళలో పెళ్ళికి ఏం వండుతారు? బూరెలట. బూరెలు వండని ఊరు మాకు లేదు. ఇంటిపేరు? గుర్తులేదు. బావిలో చేద వేసినట్టు వేస్తున్నాను, నీళ్ళు వస్తున్నాయి గానీ బావి ఎవరిదో తెలియడం లేదు.

చివరికి విసుగొచ్చి, "సరేలే, ముందు కుండ సంగతి చూడు. గంజికేం కరువు, మళ్ళీ కొత్తది పెట్టుకో" అన్నాను.

అతను తల అడ్డంగా ఊపాడు. "నాను పెట్టకూడదు. ఒట్టిపోయిన కుండకి అయినోళ్ళ ఇంటినించే గరిటెడు తేవాలి. అది కూడా ఇంటి పెద్దోళ్ళు ఎల్లి అడగాల. మా అప్ప తరవాణిలో బియ్యం నానబెట్టి, ఎండబెట్టి, మూటగట్టి ఇచ్చింది. దాంతో ఇక్కడ పెట్టుకున్నాను. ఇప్పుడు వీసాలు ఆపేసినారు, అక్కడినించి కొత్తగా వచ్చేవోళ్ళే నేరు. ఇక్కడ నాకు అయినోళ్ళెవరు?"

మా నాయనమ్మ అచ్చంగా ఇదే అనేది. ఒకసారి మా ఇంట్లో కుండ పగిలితే, కోడళ్ళు కొత్త గంజి పోస్తామన్నా ఒప్పుకోక, తనే చెంబు పట్టుకుని మా పెద్దత్త ఊరికి నడిచింది. ఇరుగుపొరుగు ఇళ్ళలో ఉన్నా తీసుకోలేదు. మా ఊళ్ళోనే ఈ పట్టింపు అందరికీ లేదు, మా ఇంటి ఆచారం అనుకునేవాణ్ణి. అది ఏ రైల్లోనో, ఏ స్టీమరులోనో సిల్హెట్ వెళ్ళి, సిత్రా వచ్చి, నా ఎదురుగా స్టూలు మీద కూర్చుంది. దీంతో అతని ఊరు తెలిసిందా అంటే తెలియలేదు. మా ఊరే అని చెప్పడానికి నా దగ్గర రుజువేమీ లేదు.

"నీ కుండలోంచి ఎప్పుడైనా ఎవరికైనా ఇచ్చావా? ఇచ్చుంటే అదీ మీ అప్ప పులుపే కదా?" అని అడిగాను.

"హాజీ అబ్బాస్‌కి ఇచ్చాను. కడుపులో మంటని బాధపడతంటే."

హాజీ ఇల్లు ఉమ్మ్ అల్ హస్సామ్‌లో. మర్నాడు డ్యూటీ అవగానే కంపెనీ వ్యానులో అటు వెళ్తున్న డ్రైవరును పట్టుకుని వెళ్ళాను. హాజీ నాకు చాలాకాలంగా తెలుసు. ఇద్దరం ఒకేసారి ఈ కంపెనీలో చేరాం. ఆయన ఉర్దూ, నా హిందీ, ఇద్దరి అరబ్బీ కలిపి మాట్లాడుకుంటాం. నన్ను చూసి తలుపు బార్లా తీశాడు.

"పేరయ్యా భాయ్! మెస్ పేర్లు చెప్పడానికి ఇంత దూరం ఎందుకు? ఫోను లేదా?"

"పేర్ల కోసం కాదు. పులుపు కోసం వచ్చాను. కిషన్ ఇచ్చింది ఇంకా ఉందా?"

హాజీ లోపలికి కేకేశాడు. ఆయన భార్య ఒక గాజుసీసా పంపింది. ఫ్రిజ్ చలికి సీసా చెమట పట్టి ఉంది. మూత తీసి వాసన చూశాను. మా నాయనమ్మ వంటింటి మూల వాసన అది.

"మొదట మా ఆవిడ భయపడింది, మత్తెక్కేదేమో కనుక్కో అని" నవ్వాడు హాజీ. "కనుక్కున్నాం. ఇప్పుడు రంజాన్‌లో ఉపవాసం విప్పగానే ఇదే కావాలంటుంది. రోజూ గంజి పోస్తుంది. మా ఇంట్లో పులిసినవి బతుకుతాయి. ఇది చూడు."

ఇంకో సీసా తెచ్చి నా ముందు పెట్టాడు. గోధుమరంగు ద్రవం. చిన్న చేపల్ని ఆవాలూ దినుసులూ వేసి ఎండలో పులవబెట్టింది. మహ్యావా అంటారు, రొట్టె మీద రాసుకు తింటారు. నాకు వాసన గట్టిగా కొట్టింది. మన ఎండుచేపల సంత గుర్తొచ్చింది.

"మా తాత ఇరాన్ ఒడ్డు నుంచి పడవలో వచ్చాడు" అన్నాడు హాజీ. "మమ్మల్ని ఇక్కడ అజమ్ అంటారు. పక్క సందులో ఉన్నవాళ్ళు ఎప్పటినుంచో ఈ దీవిలోనే ఉన్న బహార్నా. ఎదురింటాయన మూలం నజ్ద్ ఎడారి. అందరం బహ్రెయినీలమే. మీరందరూ వచ్చాక మేమే తక్కువైపోయాం!"

"మీ తాతది ఇరాన్‌లో ఏ ఊరు?"

"తెలియదు భాయ్. ఊరు పేరు మా నాన్నకే సరిగా తెలియదు. మా నాయనమ్మ చెయ్యి నేర్పిన మహ్యావా మాత్రం ఉంది. అది చాలు." సీసా నా చేతికిస్తూ ఒక్క క్షణం ఆపాడు. "సరే, కుండ వాడిది. అడగడానికి వాడు రాకుండా నువ్వెందుకు వచ్చావు?"

"మాలో దీన్ని ఇంటి పెద్దే వచ్చి అడగాలి" అన్నాను.

అన్నాక గానీ నేనేమన్నానో నాకు తెలియలేదు. హాజీకి మాత్రం వెంటనే తెలిసింది. కళ్ళు చిన్నవి చేసి నవ్వాడు.

"అయితే ఆదివారం దాకా ఎందుకు? ఇప్పుడే చెప్పు. మీవాణ్ణి జల్లాఖ్ పంపనా, సిత్రాలో ఉంచనా?"

"సిత్రా."

"ఖలాస్" అని ఫోను తీశాడు.

ఆదివారం తెల్లవారుజామున డ్యూటీ బస్సు రాకముందే మా మెస్‌వాళ్ళందర్నీ వంటశాలలోకి పిలిచాను. బోర్లించిన కుండను లోవరాజు చేతే తిప్పించాను. కిషన్ దానికి పసుపుదారం కట్టాడు. సీసాలోని పులుపు నేనే పోశాను, మీద గంజి అతను పోశాడు. లోవరాజు కుండను తొట్టి కింద పెట్టకుండా మా పొయ్యి పక్కన గోడవార పెట్టాడు. ఎవరూ చెప్పలేదు, తనే పెట్టాడు.

"పూచీ ఎవరో చెప్పేసెయ్ బాబాయ్, అయిపోతాది" అన్నాడు.

"నేను."

"మరి ఊరు? అడిగితే ఏ ఊరని చెప్పాలి?"

"మా ఊరని చెప్పు."

"మీ ఊరోడేనని తెలిసిందేటి?"

"తెలియలేదు. కాదని కూడా తెలియలేదు. అది తేలేదాకా మా ఊరే. ఏమైనా అయితే మొదట సిల్హెట్‌లో వాళ్ళ అప్పకు, తర్వాత మా ఇంటికి కబురు చెయ్యండి."

కిషన్ వంగి, కుండ మీద తడిగుడ్డ సరిచేస్తూ చాలాసేపు ఉండిపోయాడు.

మూడో రోజుకు పులుపు అందుకుంది. పొద్దున్నే అందరికీ తలో గ్లాసు పోశాడు. లోవరాజు ఒక్క గుక్కలో తాగి, కళ్ళు తుడుచుకుని, కారం ఎక్కువైందన్నాడు. అందులో కారమే లేదు. మార్కు మాత్రం ఒక చుక్క నాలిక మీద వేసుకుని మొహం చిట్లించాడు.

"గిదా? గింత దానికేనా గంత లొల్లి జేసింది?"

"నాను నిజామాబాదోణ్ణని నువ్వే సెప్పినావు కదా" అన్నాడు కిషన్, గ్లాసు మళ్ళీ నింపుతూ. "మీ ఊరి తరవాణే. తాగు."

మార్కు తాగాడు. బయట బస్సు హారను కొడుతోంది, డ్రైవరు యల్లా యల్లా అని అరుస్తున్నాడు. ఈసారి సెలవుకు వెళ్ళినప్పుడు మా తీరం వెంబడి ఊరూరా తిరిగి, ఒట్టిపోయిన కుండకు అయినవాళ్ళ ఇంటి నుంచే గరిటెడు తెచ్చుకునేవాళ్ళు ఇంకెవరున్నారో అడగాలని అనుకుంటున్నాను. చదువుకున్నది ఏడో తరగతే అయినా, అడగడం నాకు బాగా వచ్చు.